కడప జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ



2008 సెప్టెంబరులో తమిళదేశమున మోటారు సైకిలు ప్రమాదమునకు లోనై మస్తిష్క మరణము పొందిన 15 ఏండ్ల హితేంద్రన్ అవయవములను, స్వయముగా వైద్యులైన తల్లిదండ్రులు కడుపుకోతను దిగమ్రింగికొని పరులకర్పింపగా, చెన్నపట్టణపు పోలీసులు దారిపొడవునా బండ్లను నిలిపివేసి, ఆ బాలుని హృదయమును 11 నిమిషములలో మరియొక ఆసుపత్రికి చేర్చిన వృత్తాంతము తామెరుగనిది కాదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బాటలపై తలకు దెబ్బ తగిలి పడిపోవు మా పిల్లల యిండ్లలో ఔదార్యమునకు కొదువ లేదు, కొదువ కాలమునకే. నలుగురు వైద్యులు 6 గంటల యెడముతో రెండుమారులు పరీక్షించి మస్తిష్క మరణమును ధ్రువపరుపవలెను. దేహమునుండి తీసిన గుండె సుమారు 4 గంటలకు మించి నిలువదు. ఇంతలో కన్నతల్లి ఆసుపత్రి వరండాలో గోడకు చేరగిలబడి, చేతిలో బిడ్డ చెప్పులు పట్టుకొని కూర్చుండియుండును. ఆమెచెంత కూర్చుండి, తొందరపెట్టక, మన సీమమాటలో, రాష్ట్రపు అవయవదాన పథకమైన జీవన్‌దాన్ సంగతి తెలియజెప్పగల మనుష్యుని ఈ మూడు పట్టణముల సర్కారు ఆసుపత్రులలోను నియమింపుడు. ఫారములు నింపువారు కావలసినంతమంది యున్నారు, మేమడుగునది వారిని కాదు.

అవయవదాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనములతో జరుపుదుమని తమిళనాడు 2023లో ప్రకటించినది; మన జిల్లాలో అవయవదాతకు అంత్యక్రియలు జరుగు దినమున తాము స్వయముగా రావలెనని మా కోరిక. మరియు, అవయవదానము కొరకు సూర్యాస్తమయానంతరమును శవపరీక్ష జరుపవచ్చునని 2021 నవంబరులో కేంద్రము వెలువరించిన ఉత్తరువును ప్రతి ఠాణాకును, ప్రతి శవాగారమునకును తెలుగున వ్రాయించి పంపింప ప్రార్థన.

ఇట్లు,
ప్రొద్దుటూరు పౌరుడు