నోటీసు లేని తొలగింపు

ప్రభుత్వ కార్యాలయంలో ఒక అటెండరు ఇంక్రిమెంటు ఆపాలన్నా ముందుగా సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. అతని వివరణను ఫైలులో చేర్చాలి, ఉత్తర్వులో కారణం రాయాలి. అటువంటి ఫైళ్ళ మధ్యనే ఉద్యోగ జీవితం గడిపిన మాకు, నేడు సామాజిక మాధ్యమాలలో పౌరుని మాటను తొలగిస్తున్న తీరు విస్మయం కలిగిస్తున్నది.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. అదే తీర్పు 69ఎ సెక్షనును నిలబెట్టింది. నిరోధించే ఉత్తర్వులో కారణాలు లిఖితపూర్వకంగా ఉంటాయి గనుక దానిని హైకోర్టులో సవాలు చేయవచ్చునన్నది న్యాయస్థానం చూపిన ఆధారాలలో ఒకటి. అయితే 2009 నాటి నిబంధనలలో 16వది ఈ వ్యవహారమంతా గోప్యంగా ఉంచాలంటున్నది. కంటికి కనిపించని ఉత్తర్వుపై ఎవరు ఏమని పిటిషను వేయగలరు?

69ఎ కింద కనీసం ఒక కమిటీ ఉన్నది. 2024 అక్టోబరులో కేంద్ర హోంశాఖ ప్రారంభించిన 'సహయోగ్' పోర్టల్‌కు ఆ మాత్రం అడ్డు కూడా లేదు. 79వ సెక్షను 3(బి) ఆధారంగా అధికారులు నేరుగా కంపెనీకి నోటీసు పంపుతారు. తొలగించకపోతే కంపెనీకున్న చట్టరక్షణకే ముప్పు. వ్యాపార సంస్థ ఆ స్థితిలో ఏమి చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఎక్స్ సంస్థ దీనిని సవాలు చేయగా కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న పిటిషనును కొట్టివేసింది. 19వ అధికరణ హక్కులు పౌరులకే గాని విదేశీ కంపెనీకి వర్తించవన్నది. సరే, హక్కు పౌరునిదే. మరి ఆ పౌరునికి నోటీసు ఏది? 2025 నవంబరు నుండి అధికారుల స్థాయిని జాయింట్ సెక్రటరీకి, పోలీసుశాఖలో డీఐజీకి పెంచి, కారణాలు చూపాలన్నారు. మంచిదే. కాని ఆ కారణాలు అందేది కంపెనీకి.

ఊరి ఖబరస్తాన్ ప్రహరీని ఎవరో కూలిస్తే జిల్లా ఎడిషన్‌లో నాలుగు వరుసలు రావడమే గగనం. అక్కడి కుర్రవాడు సెల్‌ఫోనులో తీసిన వీడియోయే మనకు పత్రిక, సాక్ష్యం కూడా. అది ఒక ఉదయం మాయమైతే ఎవరిని అడగాలో ఆ కుర్రవానికి తెలియదు.

ద్వేషపు పోస్టులను తొలగించమని మనమే ఫిర్యాదు చేయడం లేదా అని కొందరు అడుగుతారు. చేస్తున్నాము, ఇకముందూ చేస్తాము. హింసకు పురికొల్పే మాటకు రక్షణ ఉండాలని మేము అనము. ఆ తొలగింపు కూడా కారణం చూపే ఉత్తర్వుతో, కోర్టు పరిశీలనకు నిలిచే పద్ధతిలో జరగాలంటున్నాము. నిర్ధారించుకోని వార్తను ఫార్వర్డ్ చేసే అలవాటు మనలోనూ ఉన్నది. హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిక దానిని గురించే.

పోస్టు తొలగించబడినవారు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ భద్రపరచుకోవాలి. సంస్థ ఫిర్యాదుల అధికారిని రాతపూర్వకంగా కారణం అడగాలి. సమాధానం తృప్తికరంగా లేకపోతే 30 రోజులలోగా కేంద్రం నియమించిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. జవాబు రాకపోయినా మీరు పంపిన ఉత్తరం నకలు దాచండి. రేపు హైకోర్టుకు వెళితే న్యాయవాది ముందుగా అడిగేది ఆ కాగితమే.