టెరిటోరియల్ ఆర్మీ జవాన్ల సర్వీసును గుర్తించాలని వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి,

విషయం: సికింద్రాబాద్‌లోని 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ (టెరిటోరియల్ ఆర్మీ) గార్డ్స్‌లో పనిచేసి వచ్చినవారికి మాజీ సైనికుల గుర్తింపు, బెటాలియన్ చరిత్ర నమోదు గురించి.

అయ్యా,

మేము టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) జవాన్లం. ఊళ్లో ఆ మాట చెబితే హోంగార్డులా అని అడుగుతారు. వాళ్లను తప్పుపట్టం, చెప్పినవాళ్లే లేరు.

1920లో బ్రిటిష్ ప్రభుత్వం తెల్లవారికి, ఆంగ్లో ఇండియన్లకు ఆక్సిలరీ ఫోర్స్‌నూ, భారతీయులకు వేరుగా టెరిటోరియల్ ఫోర్స్‌నూ పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం వచ్చింది. 1949 అక్టోబర్ 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారు ఈ సైన్యాన్ని ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ పనిచేసింది. 2025 మేలో టీఏను పిలిపించే అధికారం సైన్యాధిపతికి ఇచ్చినప్పుడు, ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14ను రంగంలోకి దింపేందుకు కేంద్రం అనుమతించింది. అవసరం పడితే మేము గుర్తొస్తాం.

మా ఉద్యోగం తీరు ఇదీ. ఇంటి దగ్గర వెల్డింగో, డ్రైవింగో, ఏదో ఒక పని ఉంటుంది. ఏటా శిక్షణకు వెళ్తాం. పిలుపు వస్తే 'ఎంబాడీ' అవుతాం, అప్పటినుంచి రెగ్యులర్ జవానుకున్న డ్యూటీయే మాకూ. అవసరం తీరాక 'డిస్ఎంబాడీ' చేసి ఇంటికి పంపుతారు, జీతం ఆగిపోతుంది. డిశ్చార్జి పుస్తకం తెరిస్తే ఎంబాడీ అయిన తేదీ, వదిలిన తేదీ, మళ్లీ ఎంబాడీ అయిన తేదీ వరుసగా కనిపిస్తాయి. నడుమ ఖాళీల్లో ఆ మనిషి ఏం తిన్నాడో అందులో రాయరు.

అసలు చిక్కు అక్కడే. జవాన్లకు పింఛను రావాలంటే ఎంబాడీ సర్వీసు అంతా కలిపి 15 ఏళ్లు కావాలి. ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పంపాలో మా చేతిలో లేదు. 14 ఏళ్ల దగ్గర డిస్ఎంబాడీ అయి, వయసు దాటినవాడికి ఆ లోటు పూడ్చుకునే దారి లేదు. మాజీ సైనికుడి నిర్వచనం ఇంకా ఇరుకు: టీఏ నుంచి ఎంబాడీ సర్వీసుకు పింఛను పొందేవారు, సర్వీసు కారణంగా వైకల్యం పొందినవారు, శౌర్య పతకం అందుకున్నవారు మాత్రమే అందులోకి వస్తారు. మిగతావాళ్లు ఉద్యోగ రిజర్వేషన్ అడగడానికి వెళ్తే 'మీరు మాజీ సైనికులు కారు' అని ఫారం వెనక్కి ఇస్తున్నారు. సరిహద్దులో తుపాకీ పట్టినప్పుడు ఈ తేడా ఎవరూ చూడలేదు.

పింఛను నిబంధన కేంద్రానిదని మాకు తెలుసు. తమరి చేతిలో ఉన్నదే అడుగుతున్నాం. రాష్ట్ర ఉద్యోగాల్లో, సంక్షేమ పథకాల్లో ఎంబాడీ సర్వీసు చేసిన టీఏ జవాన్లకు ఏళ్లను బట్టి వెయిటేజీ ఇవ్వాలి. పిలుపు మీద వెళ్లివచ్చిన ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకోవాలని టీఏ చట్టం 7ఏ సెక్షన్ చెబుతున్న సంగతి ప్రైవేటు యాజమాన్యాలకు కార్మిక శాఖ ద్వారా రాతపూర్వకంగా తెలియజేయాలి. పింఛను విషయంలో కేంద్రానికి తమరు ఒక లేఖ రాయాలి.

ఇక చరిత్ర సంగతి. బెటాలియన్‌లో తొలి రోజుల్లో చేరినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. వాళ్లు బతికుండగానే వారి మాటలు, ఫొటోలు, డిశ్చార్జి పుస్తకాల నకళ్లు సేకరించి తెలుగులో ఒక పుస్తకం తేవాలని కోరుతున్నాం. ఖర్చు పెద్దదేమీ కాదు. మా దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తాం, మనుషుల్ని మేమే వెతికి తీసుకొస్తాం.

దయచేసి మా ప్రతినిధులకు ఒకసారి సమయం ఇచ్చి, సంబంధిత శాఖల అధికారుల సమక్షంలో మా మాట వినవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
టెరిటోరియల్ ఆర్మీ పూర్వ జవాన్లు