ముస్లిం అయినా ఫస్టొచ్చాడట!

మా ఊరి బాలుర ఉన్నత పాఠశాలలో బహుమతుల సభ. పదో తరగతిలో స్కూలు ఫస్టొచ్చినవాడు మావాడు. వాళ్లబ్బాది బస్టాండు ఎదురుగా పంక్చర్ షాపు. స్టేజీ మీదికి పిలిచి, ఒక పెద్దమనిషి వాడి భుజం తట్టి మైకులో అన్నాడు: "ముస్లిం అయినా, తెలుగు మీడియంలో చదివి ఫస్టొచ్చాడు. వీణ్ని చూసి మీరంతా సిగ్గుపడాలి." సభంతా చప్పట్లు. వెనక నిలబడ్డ వాళ్లబ్బా కూడా కొట్టాడు. మేమూ కొట్టాం. ఆ రాత్రి ఇంటికి పోయాక గానీ ఆ మాట మాకు గుచ్చుకోలేదు.

'అయినా' అంటే ఏమిటి? రెడ్డి అయినా ఫస్టొచ్చాడని ఎవరైనా అంటారా? బ్రాహ్మణుడైనా లెక్కలు బాగా చేశాడంటారా? అనరు. మాకు, మాదిగ పిల్లలకు, లంబాడి పిల్లలకు మాత్రమే ఈ 'అయినా' తగిలిస్తారు. మా మార్కులు మావి కావు, మా పుట్టుకను దాటొచ్చినందుకు ఇచ్చిన గ్రేస్ మార్కులన్నమాట! పైగా మమ్మల్ని చూసి మిగతావాళ్లు సిగ్గుపడాలట. ఎందుకు సిగ్గుపడాలి? సాయిబుల పిల్లాడి చేతిలో ఓడిపోయినందుకా?

తిట్టినవాడి మీద మాకంత కోపం లేదు. తిట్టు తిట్టులాగే వస్తుంది, దానికి జవాబు చెప్పడం చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఈ మెచ్చుకోలు మీదే మా కోపమంతా. ఎందుకంటే మెచ్చుకున్నవాళ్లు మంచివాళ్లు. మా మేలు కోరేవాళ్లు. సెక్యులర్ మిత్రులు. వాళ్ల నోటి నుంచి కూడా అదే మాట వస్తే మేం ఎవరితో మొరపెట్టుకోవాలి?

బడిలో మా బతుకు రిజిస్టరుతో మొదలవుతుంది. "ఇంటిపేరేంట్రా?" అని అడుగుతారు. మాలో చాలామందికి మీలాంటి ఇంటిపేరుండదు. చెప్పలేక నిలబడితే 'షేక్' అనో 'మహ్మద్' అనో రాసేస్తారు. అది 'ఎస్‌కే', 'ఎండీ' అవుతుంది. ఒక్క క్లాసులో ఏడుగురు ఎండీలం. హాజరు పిలిచేటప్పుడు 'ఎండీ' అని సారు ఒక్క క్షణం ఆగితే ఏడుగురం లేచి నిలబడేవాళ్లం. క్లాసంతా నవ్వేది. మొయినుద్దీన్ మైనుద్దీన్ అవుతాడు. ఖాజా కాజా అవుతాడు, తినే కాజా అని ఏడిపిస్తారు. ఇది నవ్వులాట దగ్గర ఆగితే బాగుండేది. మెమోలో ఒక అక్షరం, రేషన్ కార్డులో ఒక అక్షరం, ఇప్పుడు ఆధార్‌లో ఇంకో అక్షరం. స్కాలర్‌షిప్ దరఖాస్తు వెనక్కి వస్తుంది. తప్పు రాసింది వాళ్లు, అఫిడవిట్ తెచ్చుకోవాల్సింది మేము. పేరులో తేడా ఉంటే పౌరసత్వాన్నే అనుమానించే కాలం వచ్చింది. ఆనాడు నవ్విన నవ్వు ఇవాళ మాకు భయమై కూర్చుంది.

తర్వాత భాష. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. మా నోట 'ళ' పలకక 'ల' అయ్యేది. 'కళ్లు' అనమని మళ్లీ మళ్లీ అనిపించి నవ్వేవాళ్లు. ఆ నవ్వినవాళ్ల నోట 'ఖ', 'జ' ఏనాడూ సరిగా పలకలేదు, మేం నవ్వామా? అటు పట్నం నుంచి వచ్చిన షరీఫు చుట్టాలు మా ఉర్దూ విని ముక్కు విరిచేవాళ్లు. "మీది ఉర్దూనా, తెలంగీనా?" అని. ఇక దూదేకులవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే ఆ పిల్లలను హిందువులు సాయిబులంటారు, సాయిబులు మనవాళ్లు కాదంటారు. బెంచీకి ఈ చివర జాగా లేదు, ఆ చివరా లేదు.

అయినా తెలుగు మాది కాదని ఎవరన్నారు? పిఠాపురం ఉమర్ ఆలీషా పద్యాలు, నాటకాలు రాసింది తెలుగులోనే. మాకు చెప్పిన తెలుగు సారు ఒకాయన ఉండేవాడు. వేమన పద్యం ఎవరికి గొంతుంటే వాళ్లతో చదివించేవాడు, ఇంటిపేరు అడిగేవాడు కాదు. ఆయన క్లాసులో మేం 'అయినా'లు కాము, పిల్లలం. ఆ సారు ఉన్న మూడేళ్లూ మాలో ఎవడూ తెలుగులో తప్పలేదు. బదిలీ అయ్యాక పరిస్థితి మళ్లీ మొదటికొచ్చింది. తేడా మా నాలుకలో ఉందా, చెప్పేవాళ్ల కళ్లలో ఉందా?

సాంఘిక శాస్త్రం పీరియడ్ వస్తే మాకు కడుపులో దేవినట్టుండేది. రజాకార్ల పాఠం చెప్పేరోజు సారు పుస్తకం వైపు చూసేవాడు, క్లాసు మా వైపు చూసేది. ఇంటర్వెల్లో 'రజాకారోడా' అనే పిలుపు. మా తాతలు కౌలుకు దున్నుకున్నవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, గిన్నెలకు కళాయి పోసినవాళ్లు. నవాబుగిరీ మా గుమ్మం ముందు నుంచి కూడా పోలేదు. రజాకార్లు చేసిన దుర్మార్గాన్ని దాచమని మేం అడగడం లేదు. చెప్పండి, గట్టిగా చెప్పండి. కానీ ఆ దుర్మార్గాన్ని రాతల్లో ఎండగట్టినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతుల్లోనే హత్యకు గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా ముస్లిమేనని అదే పీరియడ్‌లో చెప్పండి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, భూమి కోసం కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఎవరో చెప్పండి. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఎవరి పక్షాన నిలబడ్డాడో చెప్పండి. 1948 సెప్టెంబరు తర్వాత పల్లెల్లో మా ఇళ్లకు ఏం జరిగిందో విచారించడానికి పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఎందుకు రావాల్సి వచ్చిందో చెప్పండి. సగం చరిత్ర చెప్పి, మిగతా సగానికి మా మొహాల వైపు చూస్తే ఎలా?

ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ మర్నాడు బడికి పోవడం ఇంకో పరీక్ష. ఇండియా ఓడిపోతే "మీవాళ్లు గెలిచార్రా" అనేవాళ్లు. గెలిస్తే "ఏడ్చావా?" అనేవాళ్లు. రేడియో దగ్గర గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నది మేమే, అజహరుద్దీన్ లాగ కాలరు పైకెత్తుకుని తిరిగింది మేమే. ఆ సాక్ష్యం ఎవరికి కావాలి? మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీస్తే మరో ప్రశ్న: "పెద్దకూరనా?" వంకాయ కూర అని చూపించినా ఒకడు ముక్కు మూసుకునేవాడు.

ఇక మాకు చెప్పే నీతి ఒకటుంది: "కలాంలా కావాలిరా." సరే, అవుతాం. కానీ కలాం ఆత్మకథ మీరు చదివారా? రామేశ్వరం ప్రాథమిక పాఠశాలలో ఒక కొత్త సారు, టోపీ పెట్టుకున్న ఆ పిల్లాణ్ని పూజారి కొడుకు పక్క నుంచి లేపి వెనక బెంచీలో కూర్చోబెట్టిన సంగతి ఆయనే రాసుకున్నాడు. పూజారి లక్ష్మణశాస్త్రి ఆ సారును పిలిపించి గట్టిగా మందలించిన సంగతీ రాశాడు. మీరు మాకు రాకెట్ల కలాంను చూపిస్తారు, వెనక బెంచీ కలాంను దాస్తారు. కలాం కమ్మని మాకు చెప్పేముందు, లక్ష్మణశాస్త్రి అయ్యేవాళ్లు మీలో ఎందరున్నారో లెక్కపెట్టుకోండి.

"మీవాళ్లకు చదువు మీద ధ్యాస లేదు, మదర్సాలకు పంపుతారు" అంటారు. ఇది చాలా పాత అబద్ధం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూడండి. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేవాళ్లు మూడు శాతం చిల్లర. అదే నివేదిక ఇంకోటి కూడా చెప్పింది: 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు అసలు బడి మొహం చూడనివాళ్లు, లేదా మధ్యలో మానేసినవాళ్లు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 61 కూడా లేదు. అంటే మా అమ్మీ అబ్బాలు పిల్లలను బడికి పంపారు. అక్షరం దాకా వచ్చాం. ఆ తర్వాత ఎక్కడ పోయాం?

మేం చెప్తాం. ఆరో తరగతిలో మా వాడకట్టు నుంచి పదకొండు మందిమి ఆ బడిలో చేరాం. పదో తరగతి హాల్‌టికెట్ తీసుకున్నది నలుగురం. మిగతా ఏడుగురు మెకానిక్ షెడ్డులో, వెల్డింగ్ షాపులో, అరటిపళ్ల బండి మీద తేలారు. ఎవడినీ ఎవరూ బడి నుంచి వెళ్లగొట్టలేదు. ఎనిమిదిలో ఒకడి అబ్బా మంచాన పడ్డాడు. తొమ్మిదిలో ఒకడి అక్క పెళ్లి అప్పు నెత్తిన పడింది. నాలుగు రోజులు రాకపోతే రిజిస్టరులో 'ఆబ్సెంట్' పడింది, నెల కాగానే పేరు కొట్టేశారు. "ఎందుకు రావట్లేదురా?" అని ఇంటికొచ్చి అడిగినవాళ్లు లేరు. అడిగింది ఉస్తాదే. "పొద్దున ఏడింటికి రా, పానాలు అందించు, వారానికింత ఇస్తా" అన్నాడు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు ఒకడు, ఇవాళ ఇంజను చప్పుడు విని రోగం చెప్తాడు. ఊరంతా వాడి పనితనాన్ని పొగుడుతుంది. వాడి సాధన ఏ బోర్డు మీదా ఎక్కదు.

రిజర్వేషన్లు ఇచ్చాం కదా అంటారు. 2004లో అయిదు శాతమన్నారు, కోర్టులో నిలవలేదు. 2005లో మళ్లీ తెచ్చారు, మళ్లీ పోయింది. 2007లో పద్నాలుగు వెనుకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చారు. 2010లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. అది మతానికి ఇచ్చింది కాదు, వెనుకబాటుకు ఇచ్చింది. సయ్యద్‌లూ పఠాన్‌లూ అందులో లేరు. ఆ నాలుగు శాతంతో మా తమ్ముళ్లు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. దాన్ని మేం పోగొట్టుకోం. 2017లో తెలంగాణ శాసనసభ పన్నెండు శాతం బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. ఆ మాట కాగితం దాటలేదు. అయితే కాలేజీ సీటు కాలేజీ గేటు దాకా వచ్చినవాడికే పనికొస్తుంది. తొమ్మిదిలో పానా పట్టినవాడికి ఏ శాతం అందుతుంది? వాడి చేతికి కాస్తో కూస్తో అందేది ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్. 2022లో కేంద్రం ఎనిమిదో తరగతి దాకా దాన్ని ఆపేసింది. చదువు హక్కు చట్టం ఉంది కదా, ఉచితమే కదా అన్నది. బడి ఫీజు ఉచితమే, బడికి పోయినందుకు పోయే కూలి ఉచితమా? అదే ఏడు మౌలానా ఆజాద్ పేరిట ఉన్న పరిశోధక ఫెలోషిప్‌నూ ఎత్తేశారు. ఈ దేశపు మొదటి విద్యామంత్రి పుట్టినరోజును జాతీయ విద్యాదినం అంటారు, ఆయన పేరున్న ఫెలోషిప్ మాత్రం బరువయింది!

తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. రెండువందలు దాటాయి. మంచిదే. మా పిల్లలు అక్కడ కడుపునిండా తిని చదువుతున్నారు. కానీ ఒక భయం చెప్పుకోవాలి. మాకు వేరే బడి ఉంది కదా అని ఊరి బడి మమ్మల్ని మరిచిపోకూడదు. పదిమంది పిల్లల మధ్య పక్క బెంచీలో కూర్చునే హక్కును మేం హాస్టల్ సీటుకు మార్పిడి చేసుకోలేదు.

ఇంతవరకు మిమ్మల్నే అన్నాం. మమ్మల్నీ అనుకోవాలి. మసీదుకు మినార్ లేపడానికి చందా వేసుకున్నంత తొందరగా, తొమ్మిదో తరగతి పిల్లాడి ఇంటి అప్పు తీర్చడానికి మేం ఎప్పుడు వేసుకున్నాం? ఓట్ల రోజు మా గల్లీకి వచ్చే మా నాయకులు, రిజల్ట్స్ రోజు ఏ గల్లీలో ఉంటారు? తక్కువవాళ్లని దూదేకుల పిల్లలను, ఫకీరు పిల్లలను దూరం పెట్టి, బయటివాళ్లు మమ్మల్ని దూరం పెట్టారని ఏ మొహంతో ఏడుస్తాం? ఇంకో మాట. ఇదంతా బాలుర బడి కథ. మాతోపాటు అయిదో తరగతి దాకా పలక పట్టుకుని వచ్చిన మా చెల్లెళ్లు ఏమయ్యారు? బీడీ చాటల ముందు కూర్చున్నారు. మా ఫీజు వాళ్ల వేళ్ల నుంచి వచ్చింది. వాళ్ల కథ వాళ్లు రాస్తే మేం తలెత్తలేం.

సెక్యులర్ మిత్రులారా, మీ దయ మాకు వద్దు. మేం అడిగేవి పెద్దవి కావు. మా పేరు మేం చెప్పినట్టు రాయండి. ఉర్దూ చదువుకుంటానన్న పిల్లాడికి ఉర్దూ సారును ఇవ్వండి, తెలుగు చదువుకుంటానన్నవాడిని చూసి ఆశ్చర్యపోకండి. పాఠం పూర్తిగా చెప్పండి. వారం రోజులు రాని పిల్లాడి ఇంటికి, పేరు కొట్టేసేలోపు, ఒక్కసారి వెళ్లండి.

ఆ ఫస్టొచ్చిన పిల్లాడి పేరు హెడ్మాస్టరు గదిలో బోర్డు మీద తెల్ల పెయింటుతో ఉంది. అందులోనూ రెండు తప్పులున్నాయి. ముందు ఆ పేరు దిద్దండి. తర్వాత మైకు పట్టుకున్నప్పుడు "వీడు ఫస్టొచ్చాడు" అనండి. అక్కడితో ఆపండి. 'ముస్లిం అయినా' అనే ఆ రెండు మాటలూ మాకొద్దు.