పాయింట్ ఫైవ్

ఇంటర్‌లో మాది ఆత్మకూరు హాస్టల్. శనివారం సాయంత్రమైతే ఉదయగిరి బస్సెక్కి ఇంటికి. మా బ్యాచ్‌లో ఒకడికి 'పాయింట్ ఫైవ్' అని పేరు పెట్టాం. వాడి నడక, మాట కాస్త మెత్తగా ఉండేవి. అంతే. లెక్కల్లో క్లాస్ ఫస్ట్ వాడే, అయినా మేం వాడిని సగం మనిషిగానే లెక్కేశాం. ఆ పేరు పెట్టింది నేను కాదు. కానీ బస్సు వెనక సీట్లోంచి అలా అరిచినోళ్లలో నేనూ ఉన్నా.

మొన్న అదే రూట్లో ఇంటికొస్తూ ఫోన్‌లో గాయత్రీ రెడ్డి గురించి చదివా. ఆమె ఆంత్రోపాలజిస్ట్, చికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1990ల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల మధ్య తిరిగి, వాళ్లతో కూర్చుని, వాళ్ల మాటలు విని ఒక పుస్తకం రాశారు. 2005లో వచ్చింది. పేరు 'విత్ రెస్పెక్ట్ టు సెక్స్'.

ఇంజినీరింగ్ చదివినోళ్లకి ఆ పేరు చూస్తే ఎం-వన్ గుర్తొస్తుంది. పార్షియల్ డెరివేటివ్‌లో ఎక్స్ ఒక్కదాన్నే కదుపుతాం, మిగతావన్నీ కాన్‌స్టెంట్ అనుకుంటాం. హిజ్రాల్ని మనం చూసేదీ అలాగే. సెక్స్ ఒక్కటే కనిపిస్తుంది. ఆమె మిగతావి కూడా చూశారు. మతం, డబ్బు, గురువు-చేలా బంధం, చేసే పని. బధాయికి వెళ్లేవాళ్లు సెక్స్ వర్క్ చేసేవాళ్లకంటే తామే ఎక్కువ అనుకుంటారట. ప్యాంటు షర్టుల్లోనే తిరుగుతూ మగవాళ్లని ఇష్టపడే మగవాళ్ల గురించీ రాశారు. అందర్నీ ఒకే గాటన కట్టలేదు. అందరి మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చింది మాత్రం ఒకటే: ఇజ్జత్. మర్యాద.

నిజాం కాలంలో 1919 నాటి చట్టం ఒకటుండేది. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఆడవాళ్ల బట్టల్లో బయట కనిపిస్తే వారెంట్ లేకుండానే అరెస్ట్ చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో! ఇద్దరు మగవాళ్ల ఇష్టం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. చట్టాలకే ఇంత టైం పట్టింది. మా వెనక సీటుకి ఏ కోర్టూ లేదు.

బస్సు దిగి వాడికి ఫోన్ చేశా.

"ఏందిరా, ఎట్టుండావు?" అన్నాడు మామూలుగానే.

ఆ పేరు గురించి సారీ చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మీరంతా ఆ బస్సులో ఉంటారని నేను ఆదివారం పొద్దున బస్సుకి పోయేవాడ్ని. ఇంట్లో ఒక పూట తక్కువుండేది."

రెండేళ్లు వాడు శనివారం బస్సులో ఎందుకు కనిపించడం మానేశాడో నేనెప్పుడూ ఆలోచించలేదు.

వాడు గే అవునా కాదా అని అడగలేదు. చెప్పాలనిపిస్తే వాడే చెప్తాడు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇప్పటికీ కొందరు వాడిని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఈసారి 'ఆపండ్రా' అని టైప్ చేశా. మీ గ్రూపులోనూ అలాంటి పేరొకటి ఉండే ఉంటుంది. చూడండి.