ఇంటి యంత్రాలు: కొత్త కార్డు మీద పడ్డ నింద

కొంతం చౌక్ దగ్గర మా చెల్లెలి ఇల్లు. ఒక ఆదివారం పొద్దున పలకరించి పోదామని వెళితే ఇంట్లో ఒకరితో ఒకరికి మాటలు లేవు. బావ గడప దగ్గర కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. చెల్లెలు చేట ముందు పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. మేనల్లుడు లోపలి గదిలో కంప్యూటరు డబ్బా మూత విప్పి, దిగులుగా దానివంకే చూస్తున్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏమున్నది అన్నా, భిశీ పైసలు బూడిదలో పోసిన పన్నీరయినయి" అన్నది చెల్లెలు.

సంగతి ఇది. మేనల్లుడు కాలేజీలో చదువుతూనే దుప్పట్లకూ, తువ్వాళ్లకూ కంప్యూటరు మీద నమూనాలు గీసి నాలుగు రాళ్లు తెస్తున్నాడు. రాత్రిళ్లు స్నేహితులతో ఆటలు కూడా ఆడతాడు. ఆ మాట దాచవలసిన పని లేదు. తెర మీద బొమ్మను లెక్కగట్టి గీసే భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. వాడి దగ్గర వున్న పాత కార్డు చాలక, తల్లి బీడీలు చుట్టి భిశీలో వేసుకున్న సొమ్ముతో పెద్ద కార్డు, ఒకరు వాడినదే, కొన్నాడు. బిగించిన రోజునుంచి ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు కంప్యూటరు టక్కున ఆరిపోవడం, తనంతట తానే మళ్లీ మొదలుకావడం. ఉత్తరం టైపు చేసినా, సినిమా చూసినా ఏ బాధా లేదు. పాత కార్డు తిరిగి పెడితే రాత్రంతా చక్కగా నడిచింది.

"ఇంక సాక్ష్యం ఏం కావాలె బావా?" అన్నాడు మా బావ. "పాతది పెడితే నడుస్తున్నది, కొత్తది పెడితే ఆగుతున్నది. పాడు సరుకు అంటగట్టినరు. వీడు కండ్లు మూసుకుని కొన్నడు." అమ్మినవాళ్లేమో కార్డు మంచిదే, మదర్‌బోర్డు మార్చుకోమన్నారట. తండ్రీకొడుకులకు మాటలు లేక నాలుగు రోజులు.

బావ తర్కం వినడానికి సరిగానే వున్నది. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. కనుకనే ఈ నెల ఈ సంగతి రాస్తున్నాను.

ఇటువంటి జబ్బులో మొదట చూడవలసింది అది ఏ తీరున ఆగుతున్నదని. ఆట ఒక్కటే మూసుకుపోయి కంప్యూటరు నడుస్తూ వుంటే డ్రైవరునో, ఆటనో, ర్యామ్‌నో అనుమానించాలి. తెర నల్లబడి లోపలి ఫ్యాన్లు తిరుగుతూనే వుంటే, లేదా నీలితెర వస్తే కార్డునూ డ్రైవరునూ చూడాలి. కొంతసేపు నెమ్మదించి, వేడెక్కి ఆగితే గాలి ఆడడం లేదన్నమాట. ఏ మాటా చెప్పకుండా టక్కున ఆరిపోతే మొదటి అనుమానం కరెంటు మీద. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టా వుంటుంది. అందులో కెర్నెల్ పవర్ 41 అన్న పద్దు చూసి మేనల్లుడు కంగారుపడ్డాడు. అది రోగం పేరు కాదు. యంత్రం సవ్యంగా మూతపడలేదని మాత్రమే దాని అర్థం.

"మామా, నేను లెక్క వేసే కొన్న" అన్నాడు వాడు. "కార్డుకు 200 వాట్లు, ప్రాసెసరుకు 65, మిగిలినవాటికి 50. అంతా కలిపి 315. సప్లయ్ మీద 450 అని వున్నది కద?"

వాడి పాత కార్డు జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. అది తాగేది 75 వాట్లు. మదర్‌బోర్డు గాడి ఇవ్వగలిగింది కూడా అంతే, కనుక వేరే తీగ అక్కర లేకపోయింది. కొత్తది ఆర్.టి.ఎక్స్. 3060 టి.ఐ. దీనికి 200 వాట్లు. గాడి నుంచి వచ్చేది పోగా మిగిలింది సప్లయ్ నుంచి తీగ ద్వారా నేరుగా రావాలి. ఈ కార్డుకు 600 వాట్ల సప్లయ్ వుండాలని తయారుచేసిన కంపెనీయే చెబుతుంది.

సప్లయ్ పక్కన అంటించిన చీటీ చదివించాను. 12 వోల్టుల గడిలో 25 ఆంపియర్లు అని వున్నది. పన్నెండు ఇరవైఅయిదులు మూడు వందలు. కార్డు, ప్రాసెసరు రెండూ తాగేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే. పైన పెద్ద అక్షరాలతో రాసిన 450లో తక్కిన చిన్న వోల్టేజీలు కూడా కలిసివున్నాయి. అంటే వాడి భారం హద్దు దగ్గరకే చేరింది. పైగా 200 వాట్లు అనేది సగటు. ఆటలో దృశ్యం మారిన క్షణాన సెకనులో వెయ్యోవంతు కాలం కార్డు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపుకు ఓర్చుకోలేని సప్లయ్ తన రక్షణ కోసం తానే ఆరిపోతుంది.

బావకు నమ్మకం కుదరలేదు. "సగటు లేదు, కుదుపు లేదు. సరుకే పాడు" అన్నాడు.

"మీ కార్ఖానాలో కరెంటు పోయి వచ్చినప్పుడు సాంచాలన్నీ ఒక్కసారే మొదలుపెడతారా?" అని అడిగాను.

"ఎట్ల పెడతం? ఫ్యూజు పోతది. ఒకదాని తర్వాత ఒకటి."

"నడిచే సాంచాలన్నిటినీ మోస్తున్న ఫ్యూజు అప్పుడే ఎందుకు పోవాలి?"

"మోటరు లేచేటప్పుడు ఎక్కువ గుంజుతది" అని, ఆ మాట మీదనే ఆగిపోయాడు. ఒక హార్స్‌పవర్ మోటరు అంటే 746 వాట్లు. నేరుగా స్విచ్చి వేసినప్పుడు, లేచే ఆ క్షణంలో, నడకలో తీసుకునే కరెంటుకు అయిదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. ఈ లెక్క బావకు చేతి అనుభవం. కార్డు సంగతీ ఇంచుమించు అదే.

అయినా నాది ఊహే గాని రుజువు కాదు. పైస ఖర్చు లేని పరీక్షలు కొన్ని చేశాం, ఒక్కొక్కసారి ఒక్కటే మారుస్తూ. ముందు యు.పి.ఎస్. తీసి గోడ ప్లగ్గుకే పెట్టాం. ఇళ్లల్లో వుండే 600 వి.ఏ. యు.పి.ఎస్. చాలావరకు 360 వాట్లకు మించి మోయదు. అదే ఆరిపోయి కంప్యూటరును ఆర్పడం కద్దు. ఇక్కడ దాని తప్పు లేదు, మళ్లీ ఆగింది. తర్వాత సేఫ్ మోడ్‌లో డి.డి.యు. అనే సాధనంతో పాత డ్రైవరును ఆనవాలు లేకుండా తీసి కొత్తది వేశాం. ఆగింది. ఫ్యాన్లలో చిక్కుకున్న నూలు నూగు దులిపాం. చుట్టూ సాంచాలున్న పేటలో ఇది అందరూ చేసుకోవలసిన పని. కార్డు వేడి 72 డిగ్రీలు దాటలేదు. అయినా ఆగింది.

అప్పుడు కార్డు తాగే కరెంటుకు సాఫ్టువేరులో 65 శాతం హద్దు పెట్టాం. గంట ఆడాడు, ఆగలేదు. హద్దు తీసేస్తే ఏడో నిమిషాన ఆగింది. సాయంత్రం ఆ కార్డునే స్నేహితుడి 650 వాట్ల యంత్రంలో పెడితే రెండు గంటలు నిక్షేపంగా నడిచింది. కార్డు మీది నింద తొలగింది. పాత కార్డు పెడితే నడవడానికి కారణం అది మంచిదై కాదు, అది అడిగేది తక్కువై.

అసలు భయపడవలసింది మరొకటి కనిపించింది. సప్లయ్‌లో కార్డుకు కావలసిన ఎనిమిది సూదుల తీగ లేక, పాత హార్డ్ డిస్కుల నాలుగు సూదుల తీగలు రెండు కలిపే అడాప్టరు వాడాడు. ఎనిమిది సూదుల తీగ మీద 150 వాట్ల భారం పడవచ్చు. ఈ అడాప్టరు ప్లాస్టిక్ ఒక అంచున పసుపుబారి వున్నది. ఒక మూల నూలు, ఒక మూల ఎండిన ఆకు పెట్టుకున్న ఇల్లు అది. ఆ తీగను అప్పుడే తీయించాను.

ఇటువంటి తొందర తీర్పులు మన పేటలోనే కాదు. 2020 సెప్టెంబరులో ఎన్‌విడియా 3080 కార్డు వచ్చిన కొత్తలో ఆట మధ్యలో ఆగిపోతున్నదని దేశదేశాలనుంచి ఫిర్యాదులు వచ్చాయి. కార్డు వెనుకవున్న కెపాసిటర్లదే దోషమని ఎందరో తేల్చేశారు. ఆ నెలాఖరున కంపెనీ కొత్త డ్రైవరు ఇవ్వగానే చాలామందికి బాధ తగ్గింది. కుదుపుల సంగతి పెద్దలూ గుర్తించారు. 2022లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. 3.0 నియమాల ప్రకారం, పెద్ద కార్డులకోసం చేసే సప్లయ్ తన వాట్లకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లపాటు ఓర్చుకోవాలి.

కనుక పెద్ద కార్డు కొనదలచినవారు ముందు సప్లయ్ చీటీలో 12 వోల్టుల గడి చదవండి. కంపెనీ చెప్పిన వాట్లకు తగ్గవద్దు. కార్డుకు రెండు తీగలు కావలసివస్తే ఒక తీగకున్న రెండు తలలు కాక రెండు వేరువేరు తీగలు పెట్టండి. ఒక సప్లయ్ తీగలు వేరొక సప్లయ్‌కు, గాడి సరిపోయినా సరే, తగిలించవద్దు. లోపలి వరుస వేరై యంత్రం కాలిపోవచ్చు. సప్లయ్ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో కరెంటు నిలిచి వుంటుంది.

మంచి 650 వాట్ల సప్లయ్‌కు కార్డు ధరలో నాలుగోవంతు అయింది. ఆ సొమ్ము బావే ఇచ్చాడు. బిగించిన రాత్రి వాడు ఆడుతుంటే వెనుక నిలబడి గడియారం చూస్తూ అరగంట వున్నాడు. ఆగలేదు.

"ఆ పాత కార్డు అమ్మకురా" అన్నాడు చివరకు కొడుకుతో. "దాచిపెట్టు. రేపు మళ్ల ఏదన్న ఆగితే పెట్టి చూడనీకి పనికొస్తది."

అయిదు రోజుల తర్వాత కొడుకుతో అన్న మొదటి మాట అదేనని చెల్లెలు నాకు మర్నాడు చెప్పింది.