మామిడికి ఒక కాలం, గ్రాంటుకు ఇంకో కాలం

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. లోడు దించే వంతు కోసం రైతులు రాత్రిళ్లు రోడ్డు మీదే గడిపారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలిస్తే తాను 4 రూపాయలు కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. ఆ 8 రూపాయలు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదన్న పంచాయితీ తేలకముందే చాలా కాయ చెట్టు కిందే మాగి కుళ్లిపోయింది.

ఇదంతా తిరుపతికి కూతవేటు దూరంలోనే. తిరుపతిలో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది; రెండూ 2015లో వచ్చినవే. 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ పరిశోధనా స్థానం అన్నీ ఒకే ఊళ్లో. కాస్త ఇవతల గాదంకిలో వాతావరణ పరిశోధనకు జాతీయ ప్రయోగశాల. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయినప్పుడు ల్యాబులు తిరుపతి జిల్లాకు వచ్చాయి, గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి. గీత కాగితం మీద గీసిందే. కానీ పరిశోధకుడికీ మామిడి రైతుకూ మధ్య ఉన్న ఎడం అంతకంటే చాలా పాతది.

గుజ్జు తీశాక మిగిలే తొక్క, టెంక కలిపితే కాయ బరువులో మూడో వంతుకు తగ్గదు. తొక్కలో పెక్టిన్ ఉంటుంది. జామ్, జెల్లీ చిక్కబడాలంటే కావలసింది అదే. టెంకలోని జీడి నుంచి వచ్చే కొవ్వును కోకో కొవ్వుకు బదులు వాడొచ్చు. ఇవేవీ కొత్త సంగతులు కావు, వీటిపై పరిశోధన పత్రాలకు కొదవా లేదు. అయినా సీజనొస్తే ఫ్యాక్టరీల వెనక తొక్కలు గుట్టలుగా పడి ఈగలు ముసురుతూనే ఉంటాయి. పత్రానికీ ఆ గుట్టకూ మధ్య దారి వేయడానికే ప్రభుత్వ గ్రాంట్లు పుట్టాయి.

డబ్బు లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. బయోటెక్నాలజీ రంగంలో కొత్త ఆలోచన ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ‘బిగ్’ పథకం కింద 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది. నమూనా తయారీకి ‘నిధి ప్రయాస్’ 10 లక్షల వరకు ఇస్తుంది. తిరుపతి ఐఐటీలోని నవావిష్కార్ ఐ-హబ్, కేంద్రం 2018 డిసెంబరులో 3,660 కోట్లతో ఆమోదించిన మిషన్ కింద వచ్చిన 25 హబ్‌లలో ఒకటి. 2025 నవంబరులో లక్ష కోట్ల పరిశోధన నిధి కూడా మొదలైంది. అయితే అది గ్రాంటు కాదు. కొంత నిరూపణ అయిన సాంకేతికతకు తక్కువ వడ్డీ అప్పుగానో, వాటాగానో ఇచ్చే సొమ్ము. పెద్ద అంకె చూసి సంబరపడే ముందు ఆ తేడా గుర్తుంచుకోవాలి.

చిక్కంతా క్యాలెండర్‌లో ఉంది. తొక్క నుంచి పెక్టిన్ తీసే చిన్న యంత్రం కోసం ఒక పరిశోధకురాలు దరఖాస్తు పెట్టిందనుకుందాం. వడపోత, ఇంటర్వ్యూ, ఒప్పందం ముగిసి మొదటి విడత సొమ్ము ఆగస్టులో ఖాతాలో పడింది. అప్పటికి తోతాపురి సీజన్ అయిపోయింది. మళ్లీ తాజా తొక్క చూడాలంటే మరుసటి ఏడాది మే నెలాఖరు దాకా ఆగాలి. ఈలోగా మార్చి 31 వస్తుంది. ఎంత ఖర్చయింది, మిగిలింది ఎందుకు మిగిలిందో వినియోగ ధ్రువపత్రంలో చెప్పాలి. ‘మామిడికాయలు ఇంకా కాయలేదు’ అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. 18 నెలల్లో ఆమె చేతికందేది ఒకే ఒక్క సీజన్. ఆ నలభై, యాభై రోజుల్లో యంత్రం మొరాయించిందంటే ప్రాజెక్టు అక్కడితో సరి. అదే సొమ్ము జనవరిలో అందితే రెండు సీజన్లు దక్కేవి. మొదటి ఏడాది చెడిన యంత్రాన్ని రెండో ఏడాది బాగుచేసి చూపేది. వేరుశనగ మీద పనిచేసేవారిదీ ఇదే గోడు; వాన పడ్డాక ఖరీఫ్ విత్తు ఢిల్లీ కమిటీ కోసం ఆగదు.

దరఖాస్తులో ఇంకో బలహీనమైన పేజీ ఉంది: ‘లబ్ధిదారులు ఎవరు?’ అన్న ప్రశ్న. మన దగ్గర నుంచి వెళ్లే చాలా ప్రతిపాదనల్లో అక్కడ కనిపించేది ఒక్కటే జవాబు, ‘ఈ ప్రాంత రైతాంగం’. ఏ రైతు? ఏ ఫ్యాక్టరీ? ఎంత ధరకు? ఈ మూడింటికీ జవాబు లేకుండానే బడ్జెట్ పట్టికలో సిబ్బంది, రసాయనాలు, ప్రయాణం, ఇతర ఖర్చులు రూపాయితో సహా సరిపోతాయి. పట్టిక తప్పయితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. కొనేవాడి పేరు లేకపోతే ఎవరూ పట్టించుకోరు. ఇది పరిశోధకుల తప్పు అనడం అన్యాయం. ఏది అడిగితే అదే రాస్తారు కదా!

కొనేవాడు ముందే ఉంటే ఏమవుతుందో రోటావాక్ టీకా కథ చెబుతుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల్లో గుర్తించిన రోటా వైరస్ రకం ఈ టీకాకు మూలం. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, విదేశీ సంస్థలు ఏళ్ల తరబడి డబ్బు పెట్టాయి. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతపు రైతు కుటుంబం నుంచి వచ్చిన కృష్ణ ఎల్ల స్థాపించిన భారత్ బయోటెక్ దాన్ని టీకాగా మలిచింది. దాదాపు 6,800 మంది పసిపిల్లలపై తుది పరీక్షలు జరిగాయి. 2015 మార్చిలో టీకా విడుదలైంది. డోసు ధర ఒక డాలరు. మరుసటి ఏడాదే ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. మొదట అమలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గ్రాంటుకు ఓపిక ఉంది, అవతల కొనే చేయి ఉంది. ఈ రెండూ కుదిరినా ముప్పై ఏళ్లు పట్టింది మరి.

దీనికి పూర్తి భిన్నమైన కథ ఆలేరు చింతకింది మల్లేశంది. చీర నేతకు ముందు నూలును ఆసు పోయలేక తల్లి లక్ష్మి భుజం నొప్పితో విలవిల్లాడడం చూసి, ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. తొలి లబ్ధిదారు ఇంట్లోనే ఉంది. చదువు మధ్యలో ఆపేసిన ఆయన ఏ ఫారం నింపినా నెగ్గేవాడు కాడేమో. కానీ ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఐఐటీ ఆచార్యుల కంటే మంచి జవాబు ఆయన దగ్గరుంది.

నిబంధనలు రాతి శాసనాలని ఊరుకోనక్కర్లేదు. పరిశోధన గ్రాంట్లపై జీఎస్టీ కట్టమని విద్యాసంస్థలకు నోటీసులు వెళ్లి గగ్గోలు పుడితే 2024 సెప్టెంబరులో కౌన్సిల్ మినహాయింపు ఇచ్చింది. 2025 జూన్‌లో కేంద్రం పరికరాల కొనుగోలు నియమాలను సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు పెరిగింది. ఈ రెండు సడలింపులూ ల్యాబులు మొత్తుకుంటే వచ్చినవే. పంట మీద ఆధారపడిన ప్రాజెక్టులకు సొమ్ము జనవరిలోపు విడుదల కావాలనీ, గడువును నెలల్లో కాక సీజన్లలో లెక్కించాలనీ అలాగే ఎవరైనా మొత్తుకోవాలి. ఆ అడిగే అర్హత తిరుపతి సంస్థలకు మెండుగా ఉంది, అందరూ కలిసి ఒకే లేఖ రాయగలిగితే.

రాష్ట్రం చేయాల్సిన పనీ ఒకటుంది. రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభించారు. దాని ప్రాంతీయ కేంద్రాల్లో తిరుపతి ఒకటి. అక్కడ ఇంకో పోటీ, ఇంకో బహుమతి పెట్టే బదులు, గుజ్జు ఫ్యాక్టరీల యజమానులనూ తోతాపురి రైతులనూ ఓ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ యంత్రం ఏ ధరకైతే కొంటారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితాన్ని పరిశోధకురాలు తన తర్వాతి దరఖాస్తుకు జత చేస్తుంది. కిలోకు 4 రూపాయల చొప్పున ఒక్క సీజన్‌లో పంచే సొమ్ముతో పోలిస్తే, ఫ్యాక్టరీ ఆవరణలో ఒక నమూనా యంత్రాన్ని రెండు సీజన్లు నడిపి చూడటానికి అయ్యేది ఏపాటి?