పాడినవాడు ఎంత బాకీ?

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కర్మాగారం పేలి 17 మంది చనిపోయింది 2024 ఆగస్టు 21న. నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు బల్క్‌డ్రగ్ పార్కు మాకొద్దంటూ 2025లో ఆందోళనకు దిగారు, జాతీయ రహదారి మీదికీ వచ్చారు. బెల్లం పేరు చెప్పుకుని బతికిన అనకాపల్లికి ఇప్పుడు ఇదీ ఒక గుర్తింపే. ఇలాంటిచోట ర్యాప్ కట్టే కుర్రాడెవరైనా మందుల ఫ్యాక్టరీల వాసన గురించి, వట్టి చేతుల్తో తిరిగొచ్చే పడవ గురించి రాయకుండా ఎలా ఉంటాడు? రాస్తాడు, ఫోన్లో రికార్డు చేసి జనంలోకి వదులుతాడు. పాట బాగుంటే మర్నాటికల్లా ఎవరో ఒకరు అడుగుతారు: ‘పాడావు సరే, ధర్నాకి ఎప్పుడొస్తావు?’

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కాస్త పెత్తనమూ ఉంది.

న్యాయం ఎందుకంటే, ఉత్తరాంధ్రకు పాటగాడు అలా అలవాటయ్యాడు. సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళం జిల్లా బొడ్డపాడు గుడిలో పూజారి. జముకుల కథను రైతాంగ పోరాటానికి గొంతుగా మార్చి, చివరికి తానే అందులోకి నడిచి, 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు పోయాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డు కార్మికుడు. ఆయన పాటలో యంత్రం చప్పుడూ, మన పల్లె యాసా రెండూ వినబడతాయి. గద్దర్ బ్యాంకు ఉద్యోగం వదులుకున్నాడు. 1997 ఏప్రిల్ 6న తగిలిన తూటాల్లో ఒకటి ఆయన వెన్నులోనే ఉండిపోయింది, 2023లో ఆయనతోపాటే పోయింది. వీళ్ళను చూసిన నేల ఇప్పటి పిల్లలనూ అదే కొలతతో కొలవాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఒక సంగతి మరిచిపోతున్నాం. వాళ్ళు పాడారు కాబట్టి ఉద్యమంలోకి వెళ్ళలేదు. ఉద్యమం నడుస్తోంది కాబట్టి ఆ పాటలు పుట్టాయి. 1972లో జననాట్యమండలి వచ్చేనాటికి వెనక రైతు కూలీలున్నారు, విద్యార్థులున్నారు, విప్లవ రచయితల సంఘం (విరసం) ఉంది. అరెస్టయితే అడిగేందుకు ఆ తర్వాత పౌరహక్కుల సంఘమూ వచ్చింది. దాని తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. గజ్జె కట్టినవాడు ఒక్కడే, నిలబెట్టినవాళ్ళు వందలు. నేటి ర్యాప్ కుర్రాడికి గదిలో ఓ మైకు, కంప్యూటర్లో ఓ బీటు, ఆపైన తానొక్కడే. ఆ వందల మంది చేసిన పనంతా ఈ ఒక్కడి నెత్తిన పెట్టి, చేయలేదేమని నిలదీస్తున్నాం. సంఘాలు పలచబడినప్పుడు మిగిలిన గొంతు మీదే బరువంతా పడుతుంది.

పోనీ, రాజకీయాల్లోకే వెళ్తే? పక్కనే ఉంది నేపాల్. 2022లో ఖాట్మండూ మేయరుగా గెలిచిన బాలెన్ షా ర్యాపరే. ఆయన మేయరుగా ఉండగా నగరపాలక సంస్థే ఫుట్‌పాత్ వ్యాపారులను తరిమిందన్న విమర్శ మూటగట్టుకుంది. పదవి చెడ్డదని కాదు, పాడటం వేరు, పాలించడం వేరు. ఇక ఇరాన్‌లో ర్యాపర్ తూమాజ్ సాలెహీ పార్టీ పెట్టలేదు, పోటీ చేయలేదు. అయినా 2024 ఏప్రిల్‌లో ఆయనకు ఉరిశిక్ష వేశారు. పై కోర్టు దాన్ని రద్దు చేశాక ఆ డిసెంబరులో బయటికొచ్చాడు. అలాంటిచోట పాడటమే కార్యాచరణ. ‘పాడి ఊరుకున్నావేం’ అని ఆయన్ని అడగగలమా?

మనకు పనికొచ్చే ఉదాహరణ ఇంకా దగ్గర్లో ఉంది. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. పాదరసంతో ఆరోగ్యాలు పాడయ్యాయంటూ మాజీ కార్మికులు ఏళ్ళ తరబడి తిరిగారు, మద్రాసు హైకోర్టుకూ వెళ్ళారు. 2015 జులైలో చెన్నై అమ్మాయి సోఫియా అష్రఫ్ వాళ్ళ గురించి ఓ ర్యాప్ వీడియో చేసింది. లక్షల మంది చూశారు. 2016 మార్చిలో కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందానికి వచ్చింది. పాట గెలిపించిందని రాసేయడం సులువే కానీ అది అబద్ధం. పద్నాలుగేళ్ళ అర్జీలు, వాయిదాలు, పరీక్షలు ముందే లేకపోతే ఆ పాటకు ఏ ఒప్పందమూ వచ్చి ఉండేది కాదు. సోఫియా నాయకురాలు కాలేదు. కార్మికులు ఏం అడుగుతున్నారో అదే పాడింది, విన్నవాళ్ళు సంతకం పెట్టేందుకు అర్జీ ఎక్కడుందో చూపించింది.

మా లెక్కలో పాటగాడి బాకీ అంతే, అదేం తక్కువ కాదు. రాజయ్యపేట గురించి పాడేవాడు ముందు రాజయ్యపేట వెళ్ళాలి. వాళ్ళ డిమాండు వాళ్ళ నోటే విని రాసుకోవాలి. కోపం తనదైనా కోరిక వాళ్ళదే కావాలి. పాట మీద నాలుగు డబ్బులొస్తే కొంత అక్కడికీ చేరాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఓ కంపెనీ పొగను తిట్టిన గొంతు మరుసటేడాది అదే కంపెనీ వార్షికోత్సవంలో వినబడకూడదు. ఇది చేయనివాణ్ణి నిలదీయండి, తప్పులేదు. ఊళ్ళో కమిటీ వేయడం, కేసు నడపడం, గ్రామసభలో లేచి అడగడం మాత్రం విన్నవాళ్ళ వాటా. వాటిని పాటగాడి ఖాతాలో రాసి మనం షేర్ నొక్కి పడుకుంటే, బాకీ పడ్డది ఎవరు?

పాట నచ్చినవాళ్ళకు ఒక మాట. అనకాపల్లి కలెక్టరేట్‌లో సోమవారం సోమవారం ప్రజల అర్జీలు తీసుకుంటారు. అర్జీ రాయడానికి ప్రాస కుదరనక్కర్లేదు.